బందీ విలన్‌ను ఎంచుకునే ముందు తాళం చూడండి

మూడేళ్ల కిందట ఒక ఆదివారం సాయంత్రం, తార్నాకలో మా హాల్లో పద్నాలుగో సెషన్ ముగిసింది. బల్ల చుట్టూ కూర్చుని, ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు హీరోల పాత్రలు వేసే ఆట మాది, నడిపేది నేను. అందరూ పాచికలు సంచుల్లో వేసుకుంటున్నారు. గుంపులో అందరికంటే చిన్నవాడు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ "అన్నా, ఇంతకీ మన విలన్ ఎవరు?" అన్నాడు. పెద్ద గుట్టు దాచుకున్నవాడిలా నవ్వి ఊరుకున్నాను. వాడు మెట్టుగూడ దాటకముందే మెసేజ్ వచ్చింది: "ఆటపట్టించడానికి కాదు అన్నా, నిజంగానే తెలియక అడిగాను."

పదిహేను రోజులకోసారి కూర్చుని ఏడు నెలలు ఆడాం. నా నోట్‌బుక్‌లో నలభై పేజీల చరిత్ర ఉంది. ఆ విలన్‌ను ఏ దేవతలు బంధించారు, ఏ చీకట్లో ఉంచారు, సంకెళ్లు దేనితో చేశారు, అన్నీ రాసుకున్నాను. అందులో ఒక్క ముక్క కూడా బల్ల మీదికి రాలేదు. నేను ఎంచుకున్నది థారిజ్‌డన్ అనే బందీ దేవుణ్ణి. తప్పు థారిజ్‌డన్‌ది కాదు, అతడిని మా హాల్లోకి తెచ్చుకున్న నాది.

ఆ దెబ్బ తిన్నాక పుస్తకాల్లోని బందీ విలన్లను ఒక్కొక్కరినే మళ్లీ చదివాను, కొందరిని ఆడించి చూశాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాత్‌ఫైండర్ లాంటి ఈ ఆటలు నడిపేవాళ్లు కొత్త క్యాంపెయిన్‌కు, అంటే నెలల తరబడి సాగే కథకు, ఎవరిని పెట్టుకోవాలని అడుగుతుంటారు కాబట్టి నా లెక్క ఇక్కడ రాస్తున్నాను. ఆడేవాళ్లు మాత్రం ఇక్కడితో ఆగిపోండి, కొన్ని కథల గుట్టు బయటపడుతుంది.

చెరలో ఉన్న విలన్ అంటే ఎందుకంత మోజో వేరే చెప్పనక్కర్లేదు. ఒకటో లెవెల్ హీరో, అంటే ఆటలో అప్పుడే అడుగుపెట్టినవాడు, పదో పన్నెండో హిట్ పాయింట్ల ప్రాణబలంతో ఇంట్లోంచి బయలుదేరతాడు. లోకాన్ని మింగే శక్తి వాడికి దారిలో ఎదురుపడితే ఆట టీ చల్లారేలోపే అయిపోతుంది. ఆ శక్తిని ఎక్కడో బంధించి ఉంచితే దాని అనుచరులతో, కలలతో, వాసనతో ఏడాది లాగవచ్చు. చిక్కల్లా బందీలందరూ ఒకే రకం కాకపోవడమే.

విమోచనం ఎవరి చేతిలో ఉంది?

మన పురాణాలు ఈ విషయంలో చాలా ఖచ్చితంగా ఉంటాయి. శాపం పెట్టిన నోరే విమోచనం కూడా చెబుతుంది. కుబేరుడి కొడుకులిద్దరూ మద్దిచెట్లై నిలబడ్డారు. నడుముకు కట్టిన రోలు ఈడ్చుకుంటూ ఒక పసివాడు ఆ రెండు చెట్ల మధ్య దూరితే గాని వాళ్లకు విముక్తి లేదు. కథ విన్న పిల్లలకు నలకూబరుడి పేరు గుర్తుండదు. రోలు గుర్తుంటుంది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్‌లో ఇంప్రిజన్‌మెంట్ అనే తొమ్మిదో స్థాయి మంత్రం ఉంది. 2014 నాటి పుస్తకంలో దాని నియమం చదివినప్పుడు నాకు రోలే గుర్తొచ్చింది. మంత్రం వేసేవాడు అది ఏ షరతు మీద వీడిపోతుందో అప్పుడే చెప్పాలి. ఆ షరతు సబబుగా ఉండాలి, ఎప్పటికైనా జరిగే అవకాశం ఉండాలి. లెవెల్, హిట్ పాయింట్ల లాంటి అంకెలను షరతుగా పెట్టకూడదు. కంటికి కనిపించే పనో, గుణమో, పేరో, కొలిచే దేవుడో కావాలి. బంధించే పద్ధతులు అయిదు: భూమి అడుగున ఒక గోళంలో పాతిపెట్టడం, నేలకు దిగేసిన గొలుసులతో కట్టెయ్యడం, బయటికి దారిలేని చిన్న లోకంలో మూసెయ్యడం, అంగుళం ఎత్తుకు కుదించి రత్నంలో పెట్టడం, లేవని నిద్రలోకి పంపడం. పుస్తకాల్లోని పెద్ద పెద్ద ఖైదీలను కూడా ఈ అయిదింటిలో ఎక్కడో ఒకచోట సర్దవచ్చు.

కాబట్టి నేను ఇప్పుడు మొట్టమొదట చూసేది ఆ షరతునే. అది మన ఆటగాళ్ల చేతికి అందేదేనా? వాళ్లు తెలిసో తెలియకో రోలు ఈడ్చగలరా? అందకపోతే ఆ విలన్ ఎంత గొప్పవాడైనా వదిలేస్తాను.

రెండోది, తాళం పడి ఉండగా బయటికి ఏం వస్తోందన్నది. గోల్కొండకు వెళ్లినవాళ్లు ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొట్టకుండా వచ్చి ఉండరు. ఆ చప్పుడు దాదాపు కిలోమీటరు అవతల, కొండ మీద బాలా హిస్సార్ దగ్గర వినిపిస్తుంది. అదే కోటలో కంచర్ల గోపన్నను తానీషా పన్నెండేళ్లు ఉంచిన చెర అని ఒక చీకటి గది చూపిస్తారు. మనిషి లోపలే ఉన్నాడు, పాటలు గోడ దాటి వచ్చాయి. భక్తుణ్ణి రాక్షసుడితో పోలుస్తున్నానని కోప్పడకండి, నా పోలిక గోడ వరకే. మీ విలన్ గోడ దాటి బల్ల మీదికి వచ్చేది ఏమిటో ఒక్క మాటలో చెప్పలేకపోతే, మీ ఆటగాళ్లకు విలన్ లేనట్టే.

థారిజ్‌డన్

ఇతడిని డంజన్స్ అండ్ డ్రాగన్స్ సృష్టికర్తల్లో ఒకడైన గ్యారీ గైగాక్స్ 1982లో వచ్చిన 'ద ఫర్గాటెన్ టెంపుల్ ఆఫ్ థారిజ్‌డన్' అనే సాహసంతో, అంటే అచ్చయిన ఆటకథతో, పరిచయం చేశాడు. ఆ ఆటలోని గ్రేహాక్ లోకంలో చీకటికీ, క్షయానికీ, పిచ్చికీ దేవుడు. మామూలుగా ఒకరి మొహం ఒకరు చూడని దేవతలంతా ఒక్కటైతే గాని ఇతడికి సంకెళ్లు పడలేదు. 2008లో వచ్చిన నాలుగో ఎడిషన్ ఇంకా పైమెట్టు ఎక్కించి, డీమన్ల లోకమైన అబిస్ పుట్టిందే ఇతడు నాటిన చెడు విత్తనం వల్ల అంది. ఎక్సాండ్రియా అనే ఇంకో ఆటలోకంలో 'చెయిన్డ్ ఆబ్లివియన్' అనే పేరుతో ఉన్నదీ ఇతడే.

చదువుతుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఆడించబోతే చేతికి ఏమీ తగలదు. సంకెళ్లు వేసింది దేవతలు, విప్పాల్సిందీ ఆ స్థాయివాళ్లే. అయిదో లెవెల్ కత్తిగాడు ఇందులో చేయగలిగింది ఏమీ కనిపించదు. పైగా భక్తుల్లో చాలామందికి తాము కొలిచేది ఎవరినో తెలియదు, 'ఎల్డర్ ఎలిమెంటల్ ఐ' అనే ముసుగు పేరుకే మొక్కుతారు. నేను ఆ ముసుగు మీద ముసుగు వేశాను. ఇక ఎవరికి తెలుస్తుంది?

అలాగని పక్కన పడేయమనను. ఆ 1982 పుస్తకంలో నేను మొదట గమనించని తెలివి ఒకటి ఉంది. గుడి ఉంటుంది, దేవుడు ఎదురుపడడు. పాడుబడ్డ ఆ గుడిలో మరీ లోపలికి పోవాలంటే ఆటగాళ్లు పాత పూజావిధానంలో కొంత తమ చేతులతో తామే చెయ్యాలి. అంటే గైగాక్స్ ఖైదీని కదలనివ్వకుండానే ఆటగాళ్ల చేతికి రోలు ఇచ్చాడు. అయిదు నుంచి పది లెవెళ్ల పాత్రలకు రాసిన కథ అది. మూడు నాలుగు సెషన్లలో ముగించే దిగులు గాథ కావాలంటే ఇంతకు మించినది నాకు తెలియదు. ఏడాది క్యాంపెయిన్‌కే కావాలంటే మాంటీ కుక్ 2001లో రాసిన 'రిటర్న్ టు ద టెంపుల్ ఆఫ్ ఎలిమెంటల్ ఈవిల్' చూడండి. అందులో ఇతడిని విడిపించాలనుకునే ముఠా ఉంది కాబట్టి ఆటగాళ్లకు కొట్టడానికి మనుషులైనా దొరుకుతారు.

జగ్‌ట్‌మోయ్

నా ఓటు ఈమెకు. బూజుకూ పుట్టగొడుగులకూ రాణి, అబిస్ నుంచి వచ్చిన డీమన్. కథ 1979లో హామ్లెట్ అనే చిన్న ఊరితో మొదలై, 1985లో గైగాక్స్, ఫ్రాంక్ మెంట్జర్ పేర్లతో 'ద టెంపుల్ ఆఫ్ ఎలిమెంటల్ ఈవిల్' అనే 128 పేజీల పుస్తకమైంది. ఒకటో లెవెల్ నుంచి ఎనిమిదో లెవెల్ దాకా సరిపోతుంది. మంచి సైన్యాలు ఒక పెద్ద యుద్ధం గెలిచి, ఆమెను ఆమె గుడి అడుగునే బంధించి, తలుపులకు మంత్రముద్రలు వేసి వెళ్లిపోయాయి. పైన గాలి, నేల, నిప్పు, నీరు అంటూ నాలుగు ముఠాలు ఒకదాన్నొకటి పొడుచుకుంటుంటాయి. కింద ఉన్నది బూజు అని వాళ్లలో ఎంతమందికి తెలుసు?

షరతు సంగతి చూడండి. ముద్రలున్నవి తలుపుల మీద. తలుపు కనిపిస్తే ఆటగాడు ఏం చేస్తాడో ఆట నడిపినవాళ్లందరికీ తెలుసు. ఇది చాలదన్నట్టు బంగారు పుర్రె ఒకటి ఉంది, దాని గుంతల్లో పెట్టడానికి నాలుగు రత్నాలున్నాయి, ఆ రత్నాలు నాలుగు చిన్న లోకాల్లో ఉన్నాయి. ఆటగాళ్ల చేతులకు ఇంతకన్నా పని ఎవరు కల్పిస్తారు?

ఇక గోడ దాటి వచ్చేది బూజు. దీని బలం నాకు ఒక జులై నెలలో తెలిసింది. రెండు వారాలుగా ముసురు. మధ్యాహ్నం భోజనంలోకి మా అమ్మ పంపిన ఆవకాయ జాడీ మూత తీస్తే, నూనె మీద తెల్లటి పొర, అంచున చిన్న చిన్న పచ్చ చుక్కలు. తడి గరిటె పెట్టింది ఎవరన్న గొడవ ఇంట్లో మొదలైంది. నేను ఆ జాడీని తీసుకెళ్లి బల్ల మధ్యలో పెట్టాను. "మీరు బస చేసిన సత్రంలో వంటమనిషి జాడీ మూత తీసింది. ఇలా ఉంది. పక్కింటి జాడీ కూడా ఇలాగే ఉంది. ఊళ్లో ప్రతి జాడీ ఇలాగే ఉంది." ఒక్కరూ పాచిక ముట్టుకోలేదు. సైనిక్‌పురి నుంచి వచ్చే అక్క కుర్చీ రెండు అంగుళాలు వెనక్కి జరుపుకుంది.

అప్పటికి వాళ్లు విలన్ పేరు వినలేదు, అయినా విలన్ బల్ల మీద ఉంది. నాలుగు సెషన్ల తర్వాత పాత లెక్కలు తిరగేస్తూ, తాము మొదటి నెలలోనే గొడ్డలితో కొట్టిన తలుపు మీద వెండి గీతలు ఉండేవని వాళ్లకు గుర్తొచ్చింది. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆ అక్కే అంది: "తడి గరిటె పెట్టింది మనమేనన్నమాట."

లోపాలు లేవని కాదు. 1985 పుస్తకం ఇప్పటి అభిరుచికి బాగా పొడుగు, గది తర్వాత గది, కాపలావాళ్ల తర్వాత కాపలావాళ్లు. నేను మూడో వంతు గదులు కొట్టేశాను, ఎవరూ గమనించలేదు. అయిదో ఎడిషన్‌లో ఆమె చాలెంజ్ రేటింగ్, అంటే ఎంత గట్టి ప్రత్యర్థో చెప్పే అంకె, 23 కాబట్టి ఎనిమిదో లెవెల్ హీరోలు నేరుగా తలపడితే బతకరు. తప్పించుకోవడమో, మళ్లీ మూయడమో గెలుపుగా పెట్టుకోవాలి. ఇంకో దారి 2015 నాటి 'అవుట్ ఆఫ్ ద అబిస్'. అందులో ఆమె స్వేచ్ఛగా తిరుగుతూ, నేల అడుగున మైళ్ల కొద్దీ పరుచుకున్న ఒక పుట్టగొడుగును పెళ్లాడాలని చూస్తుంది. పెళ్లి కథ అనగానే మన ఆటగాళ్లు రెట్టింపు ఉత్సాహంతో వస్తారు, అది వేరే సంగతి.

తియామత్, రోవగగ్

ఇద్దరినీ కలిపి చెప్పేస్తాను, నాకు ఇద్దరి మీదా పెద్దగా మమకారం లేదు.

తియామత్ అయిదు తలల డ్రాగన్ రాణి, నరకం మొదటి అంతస్తు అవెర్నస్‌లో చిక్కుకుని ఉంది. 2014లో వచ్చిన రెండు పుస్తకాల కథలో ఆమెను బయటికి రప్పించడానికి ఒక ముఠా అయిదు డ్రాగన్ ముసుగులు పోగుచేస్తుంది. ఒకటి నుంచి పదిహేను లెవెళ్ల దాకా నడుస్తుంది. చివర్లో ఎదురుపడితే 615 హిట్ పాయింట్లు, దెబ్బ తగలనివ్వని ఆర్మర్ క్లాస్ 25. అంకెలు చూసి ఉత్సాహపడే గుంపు ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా ఈమెనే తీసుకోండి. కొత్తగా ఆడేవాళ్లకు కూడా మంచిదే, ఎవరిని ఆపాలో మొదటి నెలలోనే తెలిసిపోతుంది. నాకు నచ్చనిది కూడా అదే. ఖైదు అన్న భావన ఎక్కడా రాదు. స్టేషన్‌లో రైలు ఆలస్యమైనట్టు ఉంటుంది, అంతే.

రోవగగ్ పాత్‌ఫైండర్‌లోని గొలారియన్ లోకపు మృగం. దాని కోరిక సర్వనాశనం. సూర్యదేవత సరెన్‌రే, నరకాధిపతి అస్మోడియస్ చేతులు కలిపి దాన్ని భూగర్భంలోని డెడ్ వాల్ట్‌లో మూశారు. తాళంచెవి అస్మోడియస్ దగ్గరే ఉంది. దాని సంతానంలో ఒకటి టరాస్క్ అనే మహామృగం, ఆడేవాళ్లకు ఆ పేరు చాలు. ఖైదీగా ఇది నాకు విసుగు. మాట్లాడదు, బేరమాడదు, ఆశ చూపదు. కానీ తాళంచెవి ఉన్న చెయ్యి మాత్రం అమోఘం. మంచివాళ్లు రాత్రిపూట నిశ్చింతగా నిద్రపోవడానికి కారణం నరకాధిపతి మాట నిలబెట్టుకోవడమే. సుతలంలో బలిచక్రవర్తి వాకిట సాక్షాత్తు విష్ణువే కాపలా ఉన్నాడని పోతన భాగవతం చదివినవాళ్లకు ఈ మెలిక కొత్తగా అనిపించదు. కాపలావాడు ఎవరన్నదే కథ. రోవగగ్‌ను తీసుకునేటట్టయితే దాన్ని అసలు చూపించకండి, తాళంచెవి బేరం మీద క్యాంపెయిన్ నడపండి.

ఎబెరాన్ బందీలు

ఇక్కడ కొంచెం ఆగాలి. 2002లో కొత్త ఆటలోకం కోసం పెట్టిన పోటీలో పదకొండు వేలకు పైగా ప్రతిపాదనల్లోంచి కీత్ బేకర్‌ది ఎంపికైంది. ఎబెరాన్ అనే ఆ లోకం 2004లో పుస్తకంగా వచ్చింది. ఆ ప్రపంచమే ఒక పెద్ద జైలు మీద కట్టినట్టు ఉంటుంది. యుగాల కిందట భూమిని ఏలిన ఓవర్‌లార్డులనే పిశాచ ప్రభువులను, కొవాటల్ అనే రెక్కల సర్పాలు తమ ప్రాణాలు ఆహుతిచ్చి బంధించాయి. ఆ ఆహుతే వెండిజ్వాల, సిల్వర్ ఫ్లేమ్. బయట ఉండి తమ ప్రభువులను విడిపించాలని చూసేది రాక్షసులు. అచ్చంగా ఆ పదమే, 'రాక్షస'. మన మాటను తీసుకెళ్లి పులి తల పెట్టి, అరచేతులు వెనక్కి తిప్పి మనకే తిరిగి ఇచ్చారు. మొదటిసారి ఆ బొమ్మ చూపించినప్పుడు మా బల్ల దగ్గర ఒకాయన "ఈయన మన చుట్టమేనా?" అన్నాడు. ఆ నవ్వు తగ్గడానికి అరగంట పట్టింది, కాబట్టి పేరు ముందే మార్చుకోవాలో లేదో తేల్చుకోండి. నేను మార్చలేదు. నవ్విన మనిషే తర్వాత ఆ పులి తలను చూసి భయపడటం ఇంకా బాగుంటుంది.

ఓవర్‌లార్డుల్లో నేను సిఫార్సు చేసేది బెల్ షాలోర్. ఆట జరిగే కాలానికి దాదాపు ఏడు వందల ఏళ్ల ముందు అతడు సగం బయటపడ్డాడు. టీరా మిరాన్ అనే వీరవనిత తనను తాను జ్వాలకు అర్పించుకుని మళ్లీ బంధించింది. అప్పటి నుంచి థ్రేన్ రాజ్యంలో ఫ్లేమ్‌కీప్ నగరపు గుడిలో జ్వాల నుంచి ఆమె గొంతు వినిపిస్తుంది. అదే జ్వాలలో అతడూ ఉన్నాడు, గొంతు అతడికీ ఉంది. 'జ్వాలలోని నీడ' అని అతడికి పేరు. భక్తుడి చెవిలో పడ్డ మాట ఎవరిదో భక్తుడికి తెలియదు.

గోడ దాటి వచ్చేది ఇంతకంటే శుభ్రంగా ఇంకెక్కడా కనిపించలేదు నాకు. మీ గుంపులో పూజారి పాత్రో పాలడిన్ అనే భక్తయోధుడి పాత్రో ఆడేవాళ్లు ఉంటే పని సగం అయిపోయినట్టే. పాలడిన్ ప్రార్థిస్తాడు. జవాబు వస్తుంది. జవాబు మంచిదే. రెండోసారీ మంచిదే. మూడోసారి చెప్పింది చేస్తే ఒక ఊరు బాగుపడుతుంది, ఒక కుటుంబం రోడ్డున పడుతుంది. మీరు ఏ గొంతో ఎప్పుడూ చెప్పనవసరం లేదు.

విమోచన షరతు కూడా ఇక్కడ మన చేతికే వదిలారు. ఒక్కో ఓవర్‌లార్డ్ విడుదలకు డ్రాగన్ల భవిష్యవాణిలో ఒక్కో మార్గం ఉంది, అందులో ఏవేవి జరగాలో ఆట నడిపేవాడు తన గుంపును చూసి రాసుకోవచ్చు. నేను మూడు ఘట్టాలు రాసుకుని, రెండింటిలో ఆటగాళ్లు తీసుకోవాల్సిన నిర్ణయాలు పెట్టాను.

విడుదలను ఎలా చూపించాలన్నదానికి నేను అరువు తెచ్చుకున్న ఆలోచన మన హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరద తర్వాత కట్టిన జంట జలాశయాల్లో రెండోది, 17 గేట్లు. వానాకాలంలో పేపర్లలో చూస్తూనే ఉంటాం. నీటిమట్టం 1763.5 అడుగులకు దగ్గరైతే ముందు ఒక గేటు ఎత్తుతారు, తర్వాత ఇంకొన్ని. డ్యామ్ ఎక్కడా తెగదు. కింద మూసీ పక్కన ఉన్నవాళ్లు మాత్రం సామాన్లు సర్దుకోవడం మొదలుపెడతారు. నా తెర వెనక ఒక కాగితం మీద పదిహేడు గళ్లు గీసి పెట్టుకున్నాను. ఆటగాళ్లు ఆ గొంతు మాట విన్న ప్రతిసారీ ఒక గడి నింపుతాను. అయిదు నిండాక ఫ్లేమ్‌కీప్‌లో పిల్లల నీడలు పిల్లల కంటే ఆలస్యంగా కదులుతాయి. తొమ్మిది నిండాక ఏం జరుగుతుందో ఇక్కడ రాయను, మా వాళ్లు నా హెచ్చరిక మన్నించారని నాకు నమ్మకం లేదు.

పిశాచాలు వద్దు, నిజంగా వేరే లోకపు వింతే కావాలంటే ఎబెరాన్‌లోనే డాయల్కిర్లు ఉన్నారు. జోరియాట్ అనే పిచ్చిలోకం నుంచి తొమ్మిది వేల ఏళ్ల కిందట దిగబడ్డారు. గేట్‌కీపర్లనే ఓర్క్ జాతి ద్రూయిడ్లు, అంటే ప్రకృతి పూజారులు, వేసిన ముద్రల వల్ల భూగర్భంలో చిక్కుకుపోయారు. వీళ్లకు మన మీద పగ లేదు, ద్వేషం లేదు. కుమ్మరి మట్టిని చూసినట్టు మనల్ని చూస్తారు. డిర్న్ అనేవాడు మనుషుల మెదళ్లతో, బెలాషిరా కళ్లతో పని చేస్తారు. చాలా గొప్ప ఆలోచన, కానీ కడుపు తిప్పే వర్ణనలు తప్పవు. పిల్లలు తిరిగే ఇంట్లో ఆడేవాళ్లు, బిర్యానీ తింటూ ఆడేవాళ్లు ముందే ఒకసారి అందరినీ అడిగి మొదలుపెట్టండి.

మిస్కా, మంచులోని తండ్రి

మిస్కా కథలో ఖైదీ కంటే తాళంచెవి పెద్దది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1976 పుస్తకంలోనే కనిపించిన ఏడు ముక్కల దండం అది. పెష్ యుద్ధంలో తోడేలు తలల ఈ డీమన్ సేనాపతిని దానితో పొడిస్తే వాడు పాండెమోనియం లోకంలో బందీ అయ్యాడు, దండం ఏడు ముక్కలైంది. 1996లో స్కిప్ విలియమ్స్ దీని చుట్టూ ఒక పెట్టెడు క్యాంపెయిన్ రాశాడు. ఒక ముక్క దొరికితే తర్వాతి ముక్క ఎటు ఉందో అదే చూపిస్తుంది, అందుకని కథ దారి తప్పదు. పట్టుకున్నవాడికి క్రమశిక్షణ పిచ్చి పడుతుంది కూడా. నేను రెండు ముక్కల దాకానే నడిపాను, అప్పటికే మా దొంగ పాత్ర అర్ధరాత్రి ఖాళీ సంతలో వరసలో నిలబడాలని తోటివాళ్లతో గొడవపడుతున్నాడు. హాస్యం నచ్చే గుంపుకు, వారం వారం ఎవరో ఒకరు రాని గుంపుకు ఇది సరిగ్గా సరిపోతుంది. ఒక్కో ముక్క ఒక్కో కథ కాబట్టి రానివాడికి పెద్ద నష్టం లేదు.

ఫాదర్ లిమిక్ 2007 నాటి 'ఎల్డర్ ఈవిల్స్' పుస్తకంలోవాడు. ఈ లోకపు బుద్ధికి అందని చోటు నుంచి వచ్చి పడితే ఎల్ఫ్‌లు కొండ మీద మంచులో గడ్డకట్టించారు. సూర్యకాంతి అతడికి గిట్టదు కాబట్టి సూర్యుడు మసకబారడమే అతడి రాకకు గుర్తు. అయిదారు సెషన్లకు చక్కటి కథ. మే నెలలో మాత్రం మొదలుపెట్టకండి. కూలర్ ఎదురుగా తడి తువ్వాలు మెడకు చుట్టుకుని కూర్చున్నవాళ్లకు సూర్యుడు చల్లబడ్డాడని చెబితే భయపడరు, చప్పట్లు కొడతారు.

మీ క్యాలెండర్ ఏమంటోంది

పుస్తకం వెనక అట్ట మీద ఎన్ని లెవెళ్లని రాసినా, మన ఊళ్లో ఆట నడిచేది పెళ్లిళ్లు, నైట్ షిఫ్టులు, పరీక్షలు, పండక్కి ఊరెళ్లడాల మధ్య. పదిహేను రోజులకోసారి అనుకుంటే ఏడాదికి ఇరవై ఆరు సెషన్లు రావాలి. పోయినేడు మాకు వచ్చినవి పదిహేడు. ఈ లెక్కన తియామత్ కథ మా గుంపుకు రెండున్నరేళ్లు పడుతుంది. జగ్‌ట్‌మోయ్‌ను గదులు కోసేసి ఏడాదిలో ముగించాం. బెల్ షాలోర్‌కు అసలు నిడివి లేదు, గేట్లు మీరు ఎత్తినంత వేగంగా నడుస్తుంది, అందుకే ఇప్పుడు అతడితో ఉన్నాం. నాలుగు ఆదివారాలే ఖాళీ అంటే థారిజ్‌డన్ గుడి. రోజంతా కూర్చుని ఒక్కపూటలో తేల్చెయ్యాలంటే వీళ్లెవరూ వద్దు. ఇంప్రిజన్‌మెంట్ మంత్రంలోని రత్నం పద్ధతి తీసుకుని, రత్నంలో అంగుళం ఎత్తున్న ఖైదీని ఆటగాళ్ల చేతిలోనే పెట్టండి. వాడు మర్యాదగా మాట్లాడాలి, షరతు మాత్రం చెప్పకూడదు.

పాత పుస్తకాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట దొరుకుతాయేమోనని నేను రెండేళ్లు వెతికాను. జావా పరీక్షల గైడ్లు దొరికాయి. ఇంటర్నెట్‌లో పాత సాహసాల స్కాన్ ప్రతులు అధికారికంగానే అమ్ముతారు, అవి కొనుక్కోండి. జగ్‌ట్‌మోయ్ పుస్తకానికి మొత్తం ప్రింట్ తీయించకుండా మ్యాపులు మాత్రం ఏ3 కాగితం మీద తీయించుకుంటే చాలు. నేను తీయించిన జిరాక్స్ షాపాయన గుడి అడుగు అంతస్తు మ్యాపును అటూ ఇటూ తిప్పి చూసి, "మెట్లు ఒక్కచోటే పెట్టారు సార్, ఈ ప్లానుకు పర్మిషన్ రాదు" అన్నాడు.